సీటు దించొద్దు నాయనా

నాయనా,
చద్దన్నంలో మజ్జిగ పోసి పెట్టాను, తిను. సైకిల్ సీటు మాత్రం ముట్టుకోవద్దు.

నిన్న గుంటూరులో సైకిల్‌ను ఒంటికి సరిపడా అమర్చే ఆయన నాచేత తొక్కించి చూశాడు. "సీటు ఇంత కిందికి ఎవరు దించారమ్మా? ఇట్లా వందల కిలోమీటర్లు తొక్కితే మోకాళ్లేం కావాలి?" అన్నాడు. నేనే దించుకున్నానని చెప్పాను.

నేను ఎత్తినప్పుడల్లా, "కాళ్లు నేలకు ఆనాల తల్లీ" అంటూ నువ్వు దించుతుంటే ఊరుకున్నాను. ఇప్పుడు మోకాళ్ల నొప్పి తగ్గేదాకా రెండు నెలలు తొక్కకూడదట. శ్రీశైలం సైకిల్ పోటీలోంచి నా పేరు తీసేయమని పోటీ పెట్టేవాళ్లకు చెప్పడానికి మార్కాపురం పోతున్నాను.

ఎస్తేరు

అమ్మ పోయినప్పటి నుంచి నీకు ఈ భయమని తెలుసు. స్కూటీ మీద అమ్మ కాళ్లు నేలకు బాగానే ఆనేవి నాయనా.