షేకుకు మారు వడ్డన లేదు

జులై 7, సోమవారం
మా లిఫ్టులో కొత్త పోస్టరు, బరువు తగ్గించే సెంటర్‌ది. "మూడు నెలల్లో కొత్త మీరు!" పాత నన్ను ఏం చేస్తారో మాత్రం రాయలేదు.

నవ్వుకున్నాను గానీ ఫోటో తీసుకున్నాను. డాక్టరమ్మ మాట ఇంకా చెవిలోనే ఉంది – "షుగరు గుమ్మం దాకా వచ్చింది సునీతా. మూడు నెలలు చూద్దాం. బరువు తగ్గావా సరే, లేదంటే మాత్రలే."

అమ్మకూ ఇలాగే మొదలైంది. గుమ్మంలోనే. మాత్రలు, ఇంజెక్షన్లు, ఆ తర్వాత కాలి మీద మానని పుండు... భయంగా ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూడా రాసుకోకపోతే ఎక్కడ రాసుకోను?

జులై 8
లంచ్ టైములో కోకాపేటలోని ఆ సెంటర్‌కి వెళ్ళాను. ఏసీ చల్లగా, నిమ్మకాయ వాసన. కోచ్ పేరు స్పందన. పాతికేళ్ళుంటాయేమో, సన్నగా, చకచకా మాట్లాడుతుంది. "పొద్దున ఈ పొడి నీళ్ళలో కలిపిన షేకు ఒకటి, రాత్రికి ఒకటండి. మధ్యాహ్నం మాత్రం మామూలు భోజనమే మేడమ్." ముందుగా రుచి చూడటానికి మూడు రోజుల ప్యాకెట్లు ఉచితం. ఆదివారంలోపు చేరితే రాయితీ.

సంతకం పెట్టలేదు. పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం నాది. ఎవరైనా "అంతా బ్రహ్మాండంగా పనిచేస్తుంది" అన్నారంటే చాలు, నాకు చేతులు దురద పెడతాయి. ముందు పరీక్ష. ఆ తర్వాతే సంతకం.

ఈయనకు చెప్పాను. "మంచిదే, జేరు" – తలెత్తకుండా, ఫోన్ చూస్తూనే.
అసలు కష్టం ఈయనతో కాదు. అత్తమ్మతో.

జులై 9
పెళ్ళయిన ఏడాదికే అమ్మ పోయింది. అప్పటినుంచి ఇంట్లో ఒక్క పూట కూడా అత్తమ్మ నన్ను ఒంటరిగా తిననివ్వలేదు. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఎంత ఆలస్యంగా వచ్చినా మా ఇద్దరి పళ్ళేలూ బోర్లించే ఉంటాయి. "నువ్వు రాంది నాకు ముద్ద దిగదు బిడ్డా."

ఇక ఆ వడ్డన! ఒక్కసారి పెట్టి ఊరుకోవడం ఆమె పుట్టుకలోనే లేదు. "ఒక్కసారే పెట్టించుకుని లేవద్దు, మంచిది గాదు" అంటుంది. కడుపు పగిలిపోతోంది అత్తమ్మా అన్నా సరే, "ఉత్తగ, జరంత" అంటూ గరిటె వంచేస్తుంది. ఆ జరంత ఏనాడూ జరంత కాదు. నా బరువులో సగం ఆ జరంతే.

షేకుకు మారు వడ్డన ఉండదు. అది ఎలా చెప్పాలో తెలియక సాయంత్రమంతా వంటింట్లోకి వస్తూ పోతూ ఉన్నాను. చివరికి చెప్పేశాను.
"అంటే... ఇగ రాత్రి తినవా?"
"తాగుత అత్తమ్మా."
"గా పొడి నీళ్ళా?"
"సరే తియ్. నీ ఇష్టం." అప్పటికే కడిగి పెట్టిన గిన్నెలు తీసి మళ్ళీ కడిగింది.

జులై 10
మొదటి షేకు. నేను స్నానం చేసి వచ్చేసరికి అత్తమ్మే కలిపి గ్లాసు చేతికిచ్చింది. ఎంత మంచి మనసు!
పైగా ఎంత బాగుందో. మట్టి నీళ్ళలా ఉంటుందనుకున్నాను. రుచి – పాస్. ఆకలి – వెయ్యలేదు, పాస్.
రాత్రి నేను గ్లాసుతో, అత్తమ్మ పళ్ళెంతో. తింటున్నట్టు కూర్చుందే గానీ తిన్నది నాలుగు ముద్దలు.

జులై 11
ఈ రోజూ బాగుంది. ఆశ పుడుతోంది... రేపు బరువు చూసుకుని ఎల్లుండి చేరిపోవడమే.

జులై 12, శనివారం
పెరిగాను!
మెషీను దిగి, మళ్ళీ ఎక్కి, గోడ పక్కకు జరిపి, ఇంకోసారి ఎక్కాను. పెరిగాను. రెండు రోజుల్లో తగ్గడం ఎలాగూ ఉండదు గానీ, పెరగడమేమిటి?

అనుమానం వచ్చి వంటింట్లోకి పోయాను. స్టవ్ మీద పాలు. పక్కన బెల్లం డబ్బా మూత తీసి ఉంది. అత్తమ్మ రోట్లో బాదం పప్పులు దంచుతోంది. ఎదురుగా కత్తిరించిన ప్యాకెట్.
"ఏంది అత్తమ్మా ఇది!"
ఉలిక్కిపడింది. "సప్పగున్నది బిడ్డా. నాల్క మీద ఏస్కుని సూసిన. గది తాగి ఆఫీసుకు పోతే కండ్లు తిరగయా? పాలల్ల కలిపిన... జర బెల్లం..."
"జరంటే ఎంత?"
బెల్లం ముద్ద చూపించింది. నా పిడికిలంత.

రెండు రోజులు నేను పరీక్ష పెట్టింది కంపెనీ పొడికి కాదు, అత్తమ్మ పాయసానికి. నవ్వాగలేదు. అక్కడే గట్టుకు ఆనుకుని నవ్వుతున్నాను. ఆమె నవ్వలేదు.

"మీ అమ్మ పోయిన నాడు నేనున్న బిడ్డా అన్న గద. కండ్ల ముంగట నిన్ను పస్తుంచాల్నా? గా సన్నగున్నోళ్ళను జూసి నీకెందుకు పరేషాన్?"

అప్పుడు అర్థమైంది. అందం కోసం చేస్తున్నాననుకుంది పిచ్చిది. నా నవ్వు పోయింది. "అందం కోసం కాదు అత్తమ్మా" అన్నాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. అమ్మకు వచ్చిందే ఇది అని కూడా చెప్పాను.

రోకలి చేతిలో అలాగే ఉండిపోయింది. "ముందుగాల నాకెందుకు చెప్పకపోతివి? నా చేతులతోని బెల్లం తాపిస్తి కదనే..."
ఇద్దరం ఏడ్చాం. పాలు పొంగి స్టవ్ నిండా పోయాయి.

జులై 13, ఆదివారం
రాయితీకి చివరి రోజు. "నేను గూడ వస్త" అని అత్తమ్మ బయలుదేరింది, ఇస్త్రీ చీర కట్టుకుని మరీ.

మా ఆఫీసులో ఏ పరీక్షకైనా చివర్లో అడిగే ప్రశ్న ఒకటుంది. ఇది తీసేస్తే ఏమవుతుంది? అదే స్పందనను అడిగాను. షేకులు ఆపేశాక ఏమవుతుందమ్మా?
"మా మెంబర్లందరూ చాలా హ్యాపీ అండి..."
"అది కాదు. ఆపేశాక."
వెనక మేనేజరు గది వైపు ఒకసారి చూసింది. గొంతు తగ్గించింది. "ఇంట్లో తిండి మారకపోతే బరువు మళ్ళీ వచ్చేస్తుంది మేడమ్. నాకూ వచ్చిందండి. ఇది నాకు రెండోసారి."

ఈ వారం మొత్తంలో విన్న మొదటి సూటి జవాబు. ఆ పిల్ల మీద ప్రేమ పుట్టింది. ఉద్యోగం పోయే మాట, నన్ను నమ్మి చెప్పింది.

ఇంతలో అత్తమ్మ – "పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?"
"షేకు తాగానండి ఆంటీ."
"గంతేనా?"
స్పందన నవ్వింది, కానీ కళ్ళు పక్కకు తిప్పుకుంది. అత్తమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

బుధవారం దాకా గడువు అడిగాను. "రాయితీ సంగతి నేను మాట్లాడతాలెండి" అంది స్పందన.

దారిలో క్యాబులో అత్తమ్మ – "తిండి మారాలె అన్నది గద. గదేందో నేను మారుస్త. బుధారం దాంక సూడు."

జులై 14
రాత్రి భోజనం. పళ్ళెంలో సగానికి పైగా సొరకాయ కూర, పక్కన పప్పు, గుప్పెడన్నం. తినేశాను. నిజం చెప్పాలంటే సగం ఆకలి అలాగే ఉంది.

అత్తమ్మ గరిటె పట్టుకుని కూర్చుంది. చెయ్యి గిన్నె దాకా పోయింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయింది. నా పళ్ళెం వైపు చూడలేక గోడ గడియారం చూస్తోంది. పదిహేనేళ్ళలో ఆమె నాకు రెండోసారి పెట్టకుండా ఉండటం ఇదే మొదలు. నా ఆకలి కంటే ఆమె చెయ్యి చూస్తేనే ఎక్కువ కష్టమనిపించింది.

పళ్ళెం ముందుకు జరిపాను. "ఒక్కసారే పెట్టించుకుని లేవద్దు గద అత్తమ్మా."
గరిటె కొసతో నాలుగంటే నాలుగు మెతుకులు వేసింది. "పెట్టిన. ఇగ లే."
ఆ మెతుకులు ఒక్కొక్కటే తిన్నాను.

జులై 15
ఈ రోజూ అంతే. నాలుగు మెతుకులు. ఆకలి మాత్రం అబద్ధం చెప్పదు. మధ్యాహ్నం మీటింగులో కడుపు అరుపు అందరికీ వినిపించింది.
ఇలా ఎన్నాళ్ళు చేయగలను? ఆమె ఎన్నాళ్ళు చేయగలదు? ఆ షేకులే నయమేమో... తెలియడం లేదు.

జులై 16, బుధవారం
స్పందన పొద్దున్నే మెసేజ్ పెట్టింది. "డిసైడ్ అయ్యారా మేడమ్? ఆంటీ బాగున్నారా?"
జవాబివ్వలేదు. ముందు బరువు చూసుకోవాలి. మెషీను మంచం కింద నుంచి లాగాను.
గుమ్మంలో అత్తమ్మ. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉంది. ఎప్పుడో ఆరిపోయి ఉంటాయి.
"ఎక్కినవా బిడ్డా? ఎంతున్నవ్?"
ఇంకా ఎక్కలేదు.