మూడు ముద్దల ఫోటో

పుంగనూరు,
ఫిబ్రవరి 2

అక్కా, మన స్వర్ణ చేతి వంట జపాన్ దొరలు తినబోతున్నారు!

పాపక్కకు తమ్ముడు గంగులప్ప నమస్కారాలు. నమస్కారం ముందు రాసి సంగతి తర్వాత రాయాలని ఐదో తరగతిలో అయ్యవారు నేర్పించారు గాని, సంతోషం ఆగలేదు. వరసలు వంకరపోతే కోప్పడవద్దు. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో కుడికంటికి ఆపరేషన్ అయింది కదా, నల్లద్దాలు పెట్టుకొని రాస్తున్నాను. నీ ఫోనును ఏనుగు తొక్కినప్పటి నుంచి ఇలా కాగితం మీదే అరవాల్సి వస్తోంది.

సంగతి ఏమంటే, స్వర్ణలత పనిచేసే కుప్పం ఫ్యాక్టరీకి మిషన్లు బిగించడానికి జపాన్ నుంచి ఇంజనీర్లు వచ్చారు. క్యాంటీన్ సాంబారు నోట పెట్టగానే పాపం కళ్ళ నీళ్ళు పెట్టుకుంటున్నారట. మన మనవరాలు వెన్నెల అన్నం తినదని స్వర్ణ ఫోనులో చూసి నేర్చుకొని, అన్నాన్ని కుందేలుగా, పువ్వుగా చేసి బడికి డబ్బా కట్టి పంపుతుంది. వెన్నెలకు సెలవు వచ్చిన రోజు ఆ డబ్బా స్వర్ణే ఆఫీసుకు తీసుకుపోయింది. ఒక ఇంజనీరు చూసి, "మా అమ్మ ఇట్లే కట్టేది" అని కుర్చీలో కూలబడ్డాడట.

ఇంక చూడు! పంతొమ్మిదో తేదీ గురువారం వాళ్ళ పెద్ద దొర వస్తున్నాడు. ఆ పూట ఎనిమిది మందికి డబ్బాలు మన స్వర్ణ కట్టాలి. నచ్చితే వాళ్ళ వంటకు స్వర్ణనే ఇన్‌చార్జి చేస్తారు, పర్మనెంటుగా. నచ్చకపోతే నెలాఖరుకు పిల్ల కాంట్రాక్టు అయిపోతుంది, ఇంటికి రావలసిందే. ఆ వంటను సుషి అంటారు. బెంగళూరు నుంచి తెప్పించిన జిగురు బియ్యం వండి, వెనిగరు, చక్కెర, ఉప్పు కలిపి, సముద్రపు నాచుతో చేసిన నల్ల అట్టలో చుట్టి కోస్తారు. కోస్తే లోపల పువ్వు కనిపిస్తుంది! పచ్చి చేప పెట్టదులే, భయపడకు. క్యారెట్టు, కీరకాయ, గుడ్డు.

మన ఇళ్ళల్లో ఏ కొత్త పనికైనా మేనత్త చేత్తోనే పొయ్యి వెలిగించాలి. నన్ను డాక్టరమ్మ బస్సు ఎక్కవద్దంది. నువ్వు వెళ్ళి వెలిగించాలి అక్కా. నేను, నీ మరదలు రేవతి, బర్రె, దూడ అందరం క్షేమం.

నీ తమ్ముడు
గంగులప్ప

తా.క.: స్వర్ణ చేసినవాటిలో ఒకదానికి ఫోటో తీయించి, ప్రింటు వేయించి జత చేశాను. గుండెకు హత్తుకో.

*

రామకుప్పం,
ఫిబ్రవరి 6

తమ్ముడు గంగులప్పను దీవించి అక్క పాపక్క రాసేది.

ఫోటో చూసినాను. ఎవరు పోయినారు?

నా దగ్గర దాచొద్దు. నల్ల నువ్వులు అద్దిన మూడు అన్నం ముద్దలు వరసగా పెట్టి ఉన్నాయి, పక్కన ఆకు ఉంది. ఇట్లాంటివి నేను మా అత్తకు, మామకు, మీ బావకు పెట్టించినాను. కాకి ఒకటే తక్కువ. సంతోషంగా రాసినావని నమ్మేదానికి నేను కొత్తదాన్నా? నాయన పోయినప్పుడు నువ్వు రాసిన కార్డు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. "నాయనకు దగ్గు పూర్తిగా తగ్గిపోయింది, వెంటనే రా" అని రాసినావు. ఎర్రావు చచ్చినప్పుడు "ఆవు ఇంక ఎవరినీ తన్నదు" అని రాసినావు. చెడ్డ కబురు రాసేదానికి నీకు చెయ్యి రాదు.

ఉత్తరం ఏడుసార్లు చదివినాను. స్వర్ణ పేరు ఉంది, వెన్నెల పేరు ఉంది, రేవతి ఉంది, బర్రె ఉంది, దూడ ఉంది. అల్లుడు మురళీధర్ పేరు ఎక్కడా లేదు.

తలకు నీళ్ళు పోసుకున్నాను. మా తోడికోడలు గంగులమ్మకు చెప్పినాను. మునెమ్మ మనవడికి చెవులు కుట్టించేది ఆపించినాను. స్వర్ణకు ఎవరూ ఫోను చేయొద్దన్నాను, ఆ పిల్లను ఏమని పలకరిస్తారు? ఇంత చిన్న వయసులో పిల్లకు ఈ గతి పడితే, నువ్వేమో పొయ్యి వెలిగించమంటావు!

అక్క
పాపక్క

తా.క.: ఫోటోలో నడిమి ముద్ద పగిలింది. చెయ్యి తడుపుకోకుండా ముద్ద చేసింది ఎవరు?

*

పుంగనూరు,
ఫిబ్రవరి 10

అక్కకు నూరు నమస్కారాలు.

అక్కా, అల్లుడు బతికే ఉన్నాడు! కుప్పం డిపోలో రోజూ డ్యూటీకి పోతున్నాడు, రెండు పూటలా తింటున్నాడు. అల్లుడి పేరు రాయకపోవడం నాదే తప్పు. సంతోషంలో కాగితం చాలలేదు. దూడను తీసేసి అల్లుడిని రాసి ఉండాల్సింది.

ఆ ముద్దలు జపాన్ వాళ్ళు బడికి, ఆఫీసుకు కట్టుకుపోయేవి. నువ్వులు రుచికి అద్దినవి. నాయన కార్డు సంగతి ఇరవై ఏళ్ళయినా ఎత్తుతావు. మనసు నొప్పించకుండా రాద్దామనుకోవడం తప్పా?

ఈ గొడవ స్వర్ణకు చెప్పలేదు. చెబితే పరీక్ష ముందు పిల్ల మనసు చెదిరిపోతుంది. అల్లుడికీ చెప్పలేదు. నువ్వు చచ్చిపోయావంట అని ఏ మామ అల్లుడికి చెబుతాడు? నీకు నమ్మకం కలగాలని ఇంట్లో గోడకున్న అల్లుడి ఫోటో తీసి పంపుతున్నాను. కళ్ళారా చూసుకొని, గురువారం తెల్లవారి మొదటి బస్సుకు పోయి పొయ్యి వెలిగించు.

నీ తమ్ముడు
గంగులప్ప

తా.క.: యాక్సిడెంటు లేకుండా బండి నడిపాడని డిపోలో సన్మానం చేసినప్పుడు తీసిన ఫోటో అది. మెడలో దండ అందుకే. ఫ్లాష్ పడి కళ్ళు మూసుకున్నాడు. అయినా ముఖంలో ఎంత ప్రశాంతత ఉందో చూడు.

*

రామకుప్పం,
ఫిబ్రవరి 14

తమ్ముడికి ఆశీస్సులు.

దండ చూసినాను. మూసిన కళ్ళు చూసినాను. ఇంక నువ్వేమీ రాయొద్దు.

గురువారం పద్నాలుగు మందిమి స్వర్ణ ఇంటికి వస్తున్నాము. గంగులమ్మ మొదటి బస్సుకే ముందు పోతుంది. చావింట్లో పొయ్యి వెలగకూడదు, స్వర్ణకు ఆ ధ్యాస ఉండదు. తినేదానికి మేమే రాగి సంగటి, చప్పిడి పప్పు చేసుకొని తెస్తాము. కారం లేదు, తాళింపు లేదు, పద్ధతి ప్రకారమే.

అక్క
పాపక్క

తా.క.: బిడ్డకు ధైర్యం చెప్పు. నీ పద్ధతిలో కాదు.

*

రామకుప్పం,
ఫిబ్రవరి 20

గంగులూ, అక్క రాసేది. ఆశీస్సులు రాసే మొహం నాకు లేదు.

నిన్న పొద్దున ఎనిమిది గంటల బస్సు ఎక్కినాము. డ్రైవరు వెనక సీట్లన్నీ మావే. చలికి డ్రైవరు తలకు మఫ్లరు చుట్టుకొని ఉన్నాడు. మనవాళ్ళు రామకుప్పం దాటకముందే ఏడుపు ఎత్తుకున్నారు. కాసేపటికి డ్రైవరు అద్దంలో చూస్తూ అడిగినాడు.

"ఎవురమ్మా పోయింది?"

"మా తమ్ముని అల్లుడప్పా. నీ మాదిరే బస్సు డ్రైవరు."

"అయ్యో! ఏ డిపో?"

"కుప్పమే."

"మా డిపోలో నాకు తెలీకుండా పోయినోడు ఎవురబ్బా? పేరేందమ్మా?"

"మురళీధర్, నాయనా."

బస్సు ఒక్క కుదుపుతో ఆగింది. సంగటి గిన్నె నా ఒళ్ళో పడింది. డ్రైవరు మఫ్లరు తీసి వెనక్కి తిరిగినాడు.

"పెద్దమ్మా! నేను ఈడ్నే ఉండాను గదా, యాల ఏడస్తాండారు?"

ఇద్దరు ఆడోళ్ళు సీట్ల కింద దూరినారు. నేను లేచి ఆ పిల్లోడి చెంపలు తడిమి చూసినాను. వెచ్చగా ఉన్నాయి. అప్పుడు ఇంకా గట్టిగా ఏడ్చినాను. సంగతంతా విని మురళీధర్ తల పట్టుకున్నాడు. "మా మామ ఒక్క మాట నాకు చెప్పకూడదా?" అన్నాడు. మరుక్షణం నాకు గంగులమ్మ గుర్తుకొచ్చింది. "పోనీ నాయనా, బిరీన పోనీ! గంగులమ్మ ముందే పొయ్యిండాది!" అన్నాను.

అప్పటికే అయిపోయింది, గంగులూ. గంగులమ్మ పెరటి గుమ్మంలో అడుగుపెట్టి, పొయ్యి మీద జిగురు బియ్యం ఉడుకుతుండటం చూసి, "సావింట్లో పొయ్యేందమ్మా!" అని గ్యాసు కట్టేసి, గిన్నెలో బిందె నీళ్ళు కుమ్మరించి, కింద కూర్చొని మురళీధర్ పేరు పెట్టి శోకాలు తీసింది. స్వర్ణ నిజమనుకుంది. మొగుడు పొద్దున్నే డ్యూటీకి పోయినాడు కదా, బస్సుకు ఏమైందో అనుకుంది. గోడకు ఆనుకొని కూలబడి ఉంది. సందు మొదట్లో బస్సు ఆగి మొగుడు దిగి వస్తుంటే చూసి, ఆయన చొక్కా పట్టుకుంది. వదల్లేదు. బస్సులో ఉన్నోళ్ళంతా దిగి చూస్తున్నారు. కండక్టరు ఒక్కడే టైము చూసుకుంటున్నాడు.

పది గంటలయింది. ఫ్యాక్టరీ వ్యాను పదకొండుకు వస్తుంది. జిగురు బియ్యం గంజి అయింది, ఇంకొక గుప్పెడు లేదు. మన బియ్యం అయితే ముద్ద నిలవదంటుంది స్వర్ణ. నేను వంటింటి గడప మీద కూర్చున్నాను. ఏడవను కూడా లేకపోయినాను. చేతులు ఊరకుండలేక, చెయ్యి తడుపుకొని ఒళ్ళో ఉన్న గిన్నెలోని సంగటి ముద్దలు చేసినాను. నా తోటలో పడిన ఏనుగే కళ్ళ ముందు తిరుగుతుంటే ఒక ముద్దకు చెవులు వచ్చినాయి. ఇంకొంచెం లాగితే తొండం వచ్చింది.

స్వర్ణ చూసింది. "అత్తా, అది ఏనుగా?"

"ఏనుగే. నా ఫోను తొక్కిందే."

"రంగు కూడా అదే గదత్తా! ఇంగో ఏడు సెయ్యి. బిరీన!"

ఎనిమిది ఏనుగులు చేసినాను. స్వర్ణ నువ్వులు కళ్ళుగా పెట్టింది. నల్ల అట్ట కోసి వీపు మీద వేసింది. క్యారెట్టు పువ్వులు పెట్టి, చప్పిడి పప్పు చిన్న గిన్నెల్లో పోసింది. పప్పు వెచ్చబెట్టేదానికి ఆ పొయ్యి నేనే వెలిగించినాను. వ్యాను పోయింది. వాళ్ళు తిరిగి ఏమంటారో వినే ధైర్యం లేక నేను బస్సెక్కి వచ్చేసినాను. చావు కూడు కట్టి పంపి పిల్ల బతుకు ముంచినాను. నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు. కానీ దాచకుండా రాయి. ఏమయింది?

పాపక్క

తా.క.: బస్సులో అందరం ఏడుస్తుంటే కండక్టరు అడిగినాడు, "ఈ ఏడుపు మద్దెలో దిగతాదా, కుప్పం దాకా ఉంటాదా?" అని.

*

పుంగనూరు,
ఫిబ్రవరి 25

అక్కా, నీ ఏనుగులను తోకతో సహా తినేశారు! స్వర్ణకు పర్మనెంటు అయింది!

అక్క పాదాలకు తమ్ముడి నమస్కారాలు. నీ పద్నాలుగో తేదీ ఉత్తరం, ఇరవయ్యో తేదీ ఉత్తరం నిన్న ఒకేసారి వచ్చాయి. మొదటిది ముందు వచ్చుంటే అల్లుడికి ఫోను చేసి అందరినీ ఆపించేవాణ్ణి. ఆపి ఉంటే ఏమయ్యేదో విను.

పెద్ద దొర డబ్బా తెరిచి చాలాసేపు చూశాడట. ముందు తొండం తిన్నాడు. తర్వాత చెవులు. పప్పు గిన్నె ఎత్తి తాగేశాడు. తర్వాత ఏమన్నాడంటే, అన్నం ముద్దలు పెట్టి ఉంటే మా ఇంటి వంటతో పోల్చి వంక పెట్టేవాణ్ణి, ఈ రాగి ముద్దకు వంక పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు అన్నాడట! కారం లేని వంట ఈ దేశంలో ఉందా అని అడిగాడట. ఆర్డరు కాగితం సోమవారం చేతికిచ్చారు. స్వర్ణ ఫోనులో చదివి వినిపిస్తుంటే నల్లద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. డాక్టరమ్మ కంట్లో నీళ్ళు రాకూడదంది. ఇట్లాంటి కూతుర్ని కన్నవాడికి అది సాధ్యమా?

వారానికి రెండుసార్లు ఏనుగులు కావాలట. స్వర్ణ చేస్తే చెవులు నిలవడం లేదు. నువ్వు పోయి నేర్పించాలి. నా బిడ్డ అంత చదువు చదివింది, అందులో లేనిది నీ తడి చేతిలో ఉందక్కా.

ఇంకొక సంగతి. నువ్వు దాచొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. ఈ వంట ఎప్పుడు చేస్తారని దొర అడిగితే, మన స్వర్ణకు అబద్ధం రాదు కదా, ఎవరైనా పోతే ఆ ఇంటికి తీసుకుపోతారని చెప్పింది. ఎవరు పోయారని అడిగారు. మా ఆయనే అనుకున్నారు అని మొదలుపెట్టేలోపలే అందరూ లేచి నిలబడి తలలు వంచేశారు. సాయంత్రం కంపెనీ తరఫున ఇంటికి పెద్ద పూలదండ వచ్చింది. ఇంట్లో అల్లుడు ఒక్కడే ఉన్నాడు. తన దండకు తనే సంతకం పెట్టి తీసుకున్నాడు.

పూలు వాడిపోతాయని అది మెడలో వేసుకొని ఫోటో దిగాడు. ఈసారి కళ్ళు తెరిచాడు. జత చేశాను.

నువ్వు వెంటనే ఈ కబురు చెప్పాల్సిన వాళ్ళు:

గంగులమ్మకు: అల్లుడు బతికున్నాడని, స్వర్ణకు పర్మనెంటు అయిందని, ఆ గంజి పక్కింటి బర్రెకు పోశారని.

మునెమ్మకు: మనవడికి చెవులు కుట్టించుకోవచ్చని.

సదుంలో లక్ష్మయ్య మామకు: ఆయన నీ మాట విని గుండు కొట్టించుకున్నాడట. గట్టిగా చెప్పు, తర్వాత కాసేపు దూరంగా నిలబడు.

చౌడేపల్లె గిరిబాబుకు: స్వర్ణకు ఉద్యోగం నిలవదని పెళ్ళిలో నలుగురి ముందు అన్నవాడు. ఆయనకు రెండుసార్లు చెప్పు.

మీ పద్నాలుగు మందికి: ఎవరూ మిగలకుండా.

అందరికీ ముందు ఉత్తరం చదివి వినిపించు అక్కా. ఫోటో తర్వాత చూపించు.