ఊగే పన్నుకి దారం

అమ్మా, తమ్ముడి ఊగే పన్నుకి ఇవాళ దారం కట్టి లాగొద్దు. వాణ్ణి ఆటకీ పంపొద్దు. పరీక్ష రాసి నేరుగా వచ్చేస్తా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం.

నిన్న క్లాసు వాళ్ళం అందరం కలిసి బయాలజీ చదువుతుంటే, నెత్తురు గడ్డకట్టని జబ్బు తల్లి నుంచి కొడుక్కి ఎలా వస్తుందో చెప్పమని మా కళ్ళజోడు పిల్ల అడిగింది. తేలిగ్గా అర్థమవుతుందని మనింటి వాళ్ళనే బొమ్మ గీశా. అమ్మమ్మ, నువ్వు, పన్ను పీకించుకున్నాక నెత్తురు ఆగక చనిపోయిన మామయ్య. తమ్ముడి దగ్గరికొచ్చేసరికి గీయడం ఆపేశా. చిన్న దెబ్బకే వాడి ఒళ్ళు కమిలిపోతుంది కదా. జవాబు సరిగ్గా ఉందని అందరూ రాసుకున్నారు.

నీ తప్పేం లేదమ్మా. పొద్దున చెప్పబోతే చదివి చదివి మతి పోయిందన్నావు.

దారం ఉండ నా సంచిలో వేసుకుపోతున్నా. వెతక్కు.