తోయకుండానే కదిలే జీపు

లక్ష్మీదేవీ,

మన పాత జీపును బాగుచేసి, పిల్లలతో గండికోటకు పోయొచ్చాను. రాత్రి గుడారం వేసుకొని అక్కడే పడుకున్నాం. నీవు ఎన్నోసార్లు అడిగిన ప్రయాణమే ఇది.

స్టార్టర్ మోటారు ప్రొద్దుటూరులో పాత సామాన్లమ్మే గుజిరీ అంగట్లో దొరికిన పాతదే. నీవున్నప్పుడు ఆ అంగడి మెట్టెక్కి ఒక్కసారైనా అడగలేదు. తోస్తే కదులుతోంది కదా అని ఊరుకున్నాను.

"ఏమయ్యా, నువ్వు డ్రైవరువి, నేను ఎద్దునా?" అని నవ్వుతూనే తోసేదానివి. జ్వరంతో కూడా తోశావు. ఇంజను ఆగిపోతుందేమోనని నేను బండి నిలిపేవాణ్ణి కాదు. నీవే పరుగెత్తి వచ్చి ఎక్కేదానివి.

ఈ ఉదయం బయలుదేరబోతుంటే మన పెద్దమ్మాయి అలవాటుగా వెనక్కి పోయి జీపు మీద చేతులు ఆనించింది.

"నాయనా, నేను తోస్తాండా, గేరెయ్యి."

"తోసే పన్లేదు, ఎక్కు తల్లీ."

"అమ్మ పోయినాక శానా తెలివొచ్చిందే నీకు" అని నవ్వబోయి, తల దించుకుంది.

తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. పిల్లలు వెనక ఎక్కి కూర్చున్నారు. అయినా బండిని కాసేపు అలాగే నిలిపి ఉంచాను, నా పక్కన నీ సీటు ఖాళీగా పెట్టుకొని.