రొయ్యల తొట్టిలో బావ చెయ్యి

బుధవారం, రాత్రి

అద్దాల తొట్టిలో పాచి తినే చిట్టి రొయ్యలు పన్నెండూ చచ్చిపోయాయి. సాయంత్రం చూసేసరికి మొక్కల మొదట్లో తెల్లబడి పడి ఉన్నాయి. నేను నీళ్లు మార్చలేదు, కొత్త మేతా వెయ్యలేదు.

బావని అడిగితే తనే చెప్పాడు. పొద్దున వరికి పురుగుమందు కొట్టి వచ్చాక, తొట్టిలో పైకి తేలిన మొక్కను మళ్లీ ఇసుకలో నొక్కాడట.

"మందు కొట్టొచ్చి అందులో సెయ్యెట్టినావేటి బావా?"

"సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాకే ఎట్టినానే!"

ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నాకు సాయం చేద్దామనే పెట్టాడు, కోప్పడలేకపోయాను. రొయ్యల్ని పెరట్లో పూడ్చాను. తొట్టి నీళ్లు ఎక్కడ పారబోయాలో తోచక అలాగే ఉంచాను.

కడుక్కున్న ఆ చేత్తోనే మధ్యాహ్నం అన్నం కలుపుకుని తిన్నాడు. మా పాపకీ నాలుగు ముద్దలు పెట్టాడు.