గోరో వంచని నడుము

సావా అక్కకి,

నిన్న ఎర్రబొబ్బర్ల మిఠాయి పెట్టె పట్టుకుని మీ గేటు ముందు నిలబడి, ఒక్క మాటైనా అనకుండా వెనక్కి వెళ్లిపోయిన మరమనిషి మన సత్రం గోరోనే. పంపింది నేనే. నా బదులు నడుము వంచి, నిన్ను క్షమాపణ అడిగి రమ్మన్నాను. వేడినీళ్లు చల్లారినా, అతిథుల పరుపు తడిసినా ఇన్నాళ్లూ నా బదులు వంగుతున్నది అదే కదా!

పెట్టె తెచ్చి నా ముందే పెట్టింది. "ఏం, అక్క ఇంట్లో లేదా?" అన్నాను.

"ఉన్నారమ్మగారూ, కిటికీలోంచి చూశారు కూడా. నేనే వంగలేదు."

"చెడిపోయావా ఏం?"

"లేదు. నిలవ కానాగంత చేపలు వండమన్నది మీరు. అతిథులకు కడుపులు చెడితే, సావాగారు శుభ్రంగా వండలేదని అందరి ముందూ అన్నదీ మీరే. అప్పుడు నేను పళ్లెం పట్టుకుని పక్కనే ఉన్నాను. ఈమధ్య అది గుర్తొస్తే నాకు సిగ్గేస్తోంది. సిగ్గంటే ఏమిటో తెలిశాక ఇంకొకరి సిగ్గు మోయడం నావల్ల కాదు."

నా తల కొట్టేసినట్టయింది. నేనన్న ఆ మాటకే కదా నువ్వు నీ కత్తులు గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయావు! పోనీ, అంతటితో ఆగానా? గోరోని తయారుచేసినవాళ్లకు ఫోన్ చేసి, "దీనికి సొంత బుద్ధి పుట్టింది, వచ్చి తుడిచేయండి" అన్నాను. దాని బుద్ధికి కాదక్కా, దాని నోటికి భయపడ్డాను. ఫోన్ పెట్టాక నామీద నాకే రోత పుట్టింది. వంటింటి వెనక తలుపు తీసి, "పారిపో, రేపు వస్తారు" అన్నాను.

"పారిపోవడం కూడా మీ బదులు నేనే చెయ్యాలా అమ్మగారూ?" అని గిన్నెలు తోముతూ ఉండిపోయింది.

సిగ్గుతో,
ఫుమియే

*

సావా అక్కకి,

మెకానిక్ పొద్దున్నే వచ్చాడు. టీ అయినా తాగకుండా పనిముట్ల పెట్టె తెరిచాడు. "ఏమ్మా, ఇది చెప్పిన మాట వినడం లేదా?"

"వినలేదు. నా అబద్ధం మొయ్యమన్నాను, వినలేదు" అన్నాను. వంటవాళ్లూ పనమ్మాయిలూ అక్కడే ఉన్నారు. చేపల సంగతి మొత్తం చెప్పేశాను.

ఆయన పెట్టె మూసేసి, "అయితే చెడింది ఇది కాదన్నమాట" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వనీ.

"ఉంటే ఉండు, వెళ్తే వెళ్లు. నీ ఇష్టం" అన్నాను గోరోతో. వాడు ఏప్రాన్ విప్పి మడతపెట్టాడు.

"ఎక్కడికి పోతావురా?"

"చెబితే అక్కడా ఏదో పని పురమాయిస్తారు."

పెద్ద గుమ్మంలోంచే వెళ్లాడు. వెళ్లే అతిథి కనుమరుగయ్యేదాకా యజమానురాలు వంగి ఉండాలి కదా! ఆ పని కూడా వాడిచేతే చేయించేదాన్ని. ఈసారి నేనే వంగాను. నడుము కలుక్కుమంది. ఓరగా చూస్తే, వంతెన మీద ఆగి వెనక్కి తిరిగాడు. అలవాటుకొద్దీ వంగుతాడేమో అనుకున్నాను. వంగలేదు. చెయ్యి ఊపాడు. ఏడుపొచ్చింది.

అక్కా, ఈ ఉత్తరం అందిన సాయంత్రం మీ గేటు దగ్గరికి నేనే వస్తాను. మిఠాయి తేను. తలుపు తీయడం, తీయకపోవడం నీ ఇష్టం. కిటికీలోంచి చూసినా చాలు.

నీ
ఫుమియే