పదో ఓటమి, చంకలో బంతి

అమ్మకు,
నా పళ్ళేవీ ఊడలేదు, కంగారుపడకు. రగ్బీలో పదో ఆట కూడా ఓడిపోయాం, ఈసారి నా వల్లే. తొమ్మిది ఆటల్లోనూ బంతి జారవిడిచామని కోచ్ గారు "ప్రాణం పోయినా బంతి వదలకండిరా!" అన్నారు. అవతలివాళ్ళ గీత దాటాక కూడా నేను వదిలితే ఒట్టు! అక్కడ దాన్ని నేలకి ఆనిస్తేనే పాయింట్లు. నేనేమో చంటిపిల్లని ఎత్తుకున్నట్టు వెనక్కి మోసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన నెత్తి బాదుకున్నారు.

నాన్న పాత పొడుగు మేజోళ్ళు పంపు. చెల్లి చెవిపోటు తగ్గిందా?

అన్నట్టు, నన్ను కెప్టెన్ని చేశారు. "పది ఆటల్లో గీత దాటింది నువ్వొక్కడివే కదరా," అన్నారు కోచ్ గారు.

నాన్నమ్మకి దణ్ణాలు. ఈసారి 'గెలువు' అని కాదు, 'కింద పెట్టు' అని దీవించమను.

నీ పెద్దోడు